దేవకీదేవి ఏడవలేదా? నెలలు నిండిన అమ్మలతో నాలుగు మాటలు

 

ఈ వారం వీడియోలో దేవకీదేవి గురించి చెప్పాను కదా. కెమెరా ముందు కొన్ని మాటలు గొంతు దాటి రాలేదు. అవే ఇక్కడ రాస్తున్నాను. నాకిప్పుడు 37వ వారం. హైదరాబాద్ నుంచి పురిటికి మా పుట్టింటికి, పేరాలకి వచ్చేశాను. చీరాల పక్కనే, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది మా ఊరు. పక్కింట్లో మగ్గం, ఎదురింట్లో కండెలు చుట్టే రాట్నం. రాత్రి నిద్ర పట్టక తెల్లవారుజామున కన్ను మూతపడే సమయానికి ఆ మగ్గం మొదలవుతుంది. మొదటి రెండు రోజులు విసుక్కున్నాను. ఇప్పుడు ఆ చప్పుడు వినపడకపోతేనే ఏదోలా ఉంటోంది.

నెలలు నిండాక ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. పొద్దున ప్రపంచాన్ని గెలిచేసినట్టు ఉంటుంది, మధ్యాహ్నానికి కాళ్లు వాచి చెప్పులు పట్టవు, సాయంత్రం ఎవరో "ఇంకా కాలేదా?" అని అడిగితే ఏడుపొస్తుంది. పడుకుంటే గుండెల్లో మంట, లేస్తే నడుము. గంటకోసారి బాత్రూమ్. వీటి గురించి నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది ఇంకొకటుంది, అది భయం. దాని గురించే ఈ పోస్టు.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఏడాది ఇదే ఛానెల్లో నేనొక వీడియో చేశాను. గర్భిణి ఎప్పుడూ సంతోషంగా ఉండాలి, ఏడవకూడదు, తల్లి ఏమనుకుంటే బిడ్డ అదే అవుతుంది అని చెప్పాను. ప్రహ్లాదుడి కథ ఉదాహరణగా తీసుకున్నాను. చాలామందికి నచ్చింది. అప్పటికి నేను వట్టిమనిషినే కాబట్టి చెప్పడం తేలికైంది.

మొన్న 36వ వారంలో ఒక రాత్రి. అంతకు ముందు రోజు ఫోన్లో మావారితో గొడవపడ్డాను. పెద్ద విషయమేం కాదు, ఆయనకి సెలవు దొరుకుతుందా లేదా అన్న దగ్గర మొదలై ఎక్కడికో పోయింది. బాగా ఏడ్చాను. మర్నాడు రాత్రి తొమ్మిదిన్నరకి మంచమెక్కాక తట్టింది, సాయంత్రం నుంచి బిడ్డ సరిగా కదల్లేదని. ఎడమవైపు తిరిగి పడుకున్నాను. విష్ణు సహస్రనామం మొదలుపెట్టాను. నోరు నామాలు చెబుతోంది, మనసు మాత్రం "నిన్న ఏడ్చావుగా, అందుకే" అంటోంది. ఎవరి గొంతు అనుకున్నారు? నాదే. ఆ వీడియోలో గొంతు.

అమ్మమ్మ నిద్రలేచి వచ్చింది. విషయం చెప్పాను. "ఏం కాదులే, పడుకో" అంటుందనుకున్నాను. ఆవిడ అనలేదు. "లే. ఆస్పత్రికి పోదాం పద. ఆయన నామాలు దారిలో చదువుకోవచ్చు" అంది. పదినిమిషాల్లో ఆటో ఎక్కాం.

కడుపుకి బెల్టులు కట్టి బిడ్డ గుండె వినిపించారు. నిమిషానికి నూట నలభై చిల్లర. అయ్యగారో అమ్మగారో హాయిగా నిద్రపోతున్నారట! కాసేపటికి లేచి ఒక్క తన్ను తన్నారు. నేను నవ్వుతూ ఏడ్చాను, లేక ఏడుస్తూ నవ్వానో. తెల్లారేదాకా ఉండి వెళ్లమన్నారు.

ఆ రాత్రి వార్డులో ఇంకో ముగ్గురున్నాం. ఒకమ్మాయి ఓడరేవు వైపు నుంచి వచ్చింది, వాళ్లాయన వేటకి వెళ్లి ఉన్నాడు, ఫోను కలవడం లేదు. ఒకావిడ మగ్గం పనివారి ఇంటి కోడలు, రక్తం తక్కువని ఎక్కిస్తున్నారు. మూడో ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది, ఇది రెండో కాన్పట. మొదటి బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. "అక్కా, మీరు భాగవతం చెబుతారంట కదా. అప్పుడు నేను రోజూ స్తోత్రాలు చదవలేదు. మా అత్తగారితో మాటామాటా వచ్చి ఏడ్చేదాన్ని. అందుకేనా?"

ఆమె నా వీడియో చూసిందో లేదో నాకు తెలీదు. అడిగే ధైర్యం రాలేదు. "కాదమ్మా" అన్నాను. అన్నానే గాని, ఎందుకు కాదో చెప్పడానికి ఆ క్షణాన నా దగ్గర ఏమీ లేదు. ఇంటికొచ్చాక భాగవతం మళ్లీ తీశాను. ఈసారి కడుపుతో ఉన్న తల్లుల కోసం వెతుకుతూ చదివాను.

చదివితే ఏం కనిపించిందో చెప్తాను. మన పురాణాల్లో గర్భవతులు ఒక్కరూ మనం చెప్పే ఆ "ప్రశాంత వాతావరణం"లో లేరు!

ఉత్తరని చూడండి. భర్త అభిమన్యుడు యుద్ధంలో పోయాడు. చిన్న వయసు. కడుపులో పాండవ వంశానికి మిగిలిన ఒకే ఒక్క మొలక. దాని మీదకి అశ్వత్థామ బ్రహ్మాస్త్రం వేశాడు. కృష్ణుడు ద్వారకకి బయలుదేరుతూ రథం మీద ఉన్నాడు. ఉత్తర పరుగెత్తుకుంటూ వచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల పరుగెత్తడం ఊహించుకోండి. నన్ను కాల్చినా కాల్చనీ, నా కడుపు మాత్రం పోనివ్వకు అని ఆమె మొర. అందులో ప్రశాంతత ఎక్కడుంది? ఉన్నదంతా భయమే. ఆ భయం బిడ్డని పాడుచేసిందని వ్యాసుడు ఎక్కడా అనలేదు. కృష్ణుడు కూడా "ముందు నువ్వు కుదుటపడు, తర్వాత చూద్దాం" అనలేదు. ఆమె ఎలా ఉందో అలాగే ఉండగా, ఆ గర్భంలోకి తానే వెళ్లి కాపు కాశాడు. బొటనవేలంత రూపంతో, గద తిప్పుతూ, పదో నెల దాకా. పుట్టాక ఆ పిల్లవాడు కనిపించిన ప్రతి మనిషిలోనూ "లోపల నేను చూసింది ఈయన్నేనా?" అని పరీక్షించి చూసేవాడట, అందుకే పరీక్షిత్తు అన్నారు. అంటే తల్లి భయంతో వణికిపోయిన ఆ నెలల నుంచి బిడ్డకి మిగిలిన జ్ఞాపకం భయం కాదు, దేవుడు.

(భారతంలో ఈ కథ ఇంకా కఠినంగా ఉంటుంది. అక్కడ బిడ్డ ప్రాణం లేకుండానే పుడతాడు, కృష్ణుడు బతికిస్తాడు. రెండూ చదవండి.)

సరే, నేను వీడియోలో వాడుకున్న ప్రహ్లాదుడి కథకే వద్దాం. కయాధువు నారదుడి మాటలు విన్నది, కడుపులో ప్రహ్లాదుడు విన్నాడు, ఇంతవరకే చెప్పాను. దానికి ముందు జరిగింది చెప్పలేదు. భర్త తపస్సుకి పోయాడు, దేవతలు మీద పడ్డారు, ఇంద్రుడు ఆమెని చెరపట్టి ఈడ్చుకుపోతున్నాడు. ఆమె ఏడుస్తోంది. నారదుడు అడ్డుపడి విడిపించాడు. తన ఆశ్రమానికి తీసుకెళ్లి, నీ భర్త వచ్చేదాకా ఇక్కడే ఉండమ్మా అన్నాడు. ముందు నీడ, భద్రత. ఉపదేశం ఆ తర్వాత. మనమేమో ఇంట్లో నీడ ఇవ్వకుండా ఉపదేశం మాత్రం పంపుతున్నాం, పొద్దున్నే వాట్సాప్‌లో. ఇంకో సంగతి, చాలా కాలం గడిచేసరికి తల్లి ఆ ఉపదేశం మరిచిపోయిందని ప్రహ్లాదుడే చెబుతాడు. ఆమె మరిచిపోయినా బిడ్డకి దక్కాల్సింది దక్కింది. నెలలు నిండాక స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయే నాలాంటివాళ్లకి ఇది ఎంత ఊరటో!

ఇక దేవకీదేవి. చెరసాల. ఆరుగురు బిడ్డలు, పుట్టినవాళ్లు పుట్టినట్టు పోయారు. ఏడోది యోగమాయ రోహిణికి చేర్చింది, ఊళ్లో జనం మాత్రం "అయ్యో, దేవకికి కడుపు పోయిందట" అనుకున్నారు. ఆ మాటలు ఆమె చెవిన పడకుండా ఉంటాయా? అలాంటి తల్లి కడుపులో ఎనిమిదోసారి సాక్షాత్తూ ఆయన ఉంటే, బ్రహ్మ, శివుడు, దేవతలు ఆ చెరసాలకే వచ్చి స్తోత్రం చేశారు. చివర్లో తల్లి వైపు తిరిగి, అమ్మా, భయపడకు అని ధైర్యం చెప్పారు. ఆమె భయపడుతోంది కాబట్టే కదా ఆ మాట అన్నారు!

అయితే వార్డులో ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు ఇక్కడ కూడా కాదు, దశమ స్కంధం చివర్లో ఉంది. నేను చాలాసార్లు గబగబా దాటేసిన ఘట్టం అది. కృష్ణుడు పెద్దవాడయ్యాడు, ద్వారకకి ప్రభువయ్యాడు, మనవలు కూడా పుట్టారు. అన్నేళ్ల తర్వాత దేవకి ఒకరోజు కన్నీళ్లతో కొడుకుని అడుగుతుంది, గురువుగారి చనిపోయిన కొడుకుని తెచ్చిచ్చావట కదా, కంసుడు చంపిన నా ఆరుగురు పిల్లల్నీ ఒక్కసారి చూపించవా అని. ఆరుగురినీ ఆమె మరిచిపోలేదు. భగవంతుడే కొడుకుగా ఎదురుగా నిలబడి ఉన్నా మరిచిపోలేదు. కృష్ణుడు ఏమన్నాడు? "నేనున్నానుగా, ఇంకా అవన్నీ ఎందుకమ్మా" అనలేదు. అన్నని వెంటబెట్టుకుని సుతలానికి, బలి చక్రవర్తి దగ్గరికి వెళ్లి ఆ ఆరుగురినీ తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు. అన్నేళ్ల తర్వాత ఆమెకి పాలు వచ్చాయి. వాళ్లు తాగారు. ఆ తర్వాత దేవలోకానికి వెళ్లిపోయారు.

ఆ ఆరుగురూ పోవడం దేవకి తప్పని భాగవతంలో ఒక్క అక్షరం లేదు. ఆమె ఏడవడం తప్పనీ లేదు. నేను పోయిన ఏడాది చెప్పినదానికి ఈ గ్రంథంలో ఆధారం లేదు. ఆ వీడియో తీసేశాను. దాని వల్ల ఎవరైనా బాధపడి ఉంటే, ముఖ్యంగా బిడ్డని పోగొట్టుకున్న తల్లులు, నన్ను క్షమించండి. స్తోత్రాలు చదవొద్దని కాదు, నేనూ చదువుతున్నాను. కాకపోతే పరీక్షకి చదివినట్టు కాదు, ఉత్తర పిలిచినట్టు.

ఇది చెబితే అమ్మమ్మ మా ఊరి కథ ఎత్తుకుంది. 1921లో చీరాల, పేరాల జనం పురపాలక పన్నులు కట్టమని, ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు కదా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో. సుమారు 13 వేల మంది ఊరి బయట గుడిసెలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టి, పదకొండు నెలలు ఉన్నారు. ఆయన దళం పేరు రామదండు. మనం స్కూల్లో చదివి వదిలేసిన పాఠం. అమ్మమ్మ అడిగిన ప్రశ్న మాత్రం ఏ పాఠంలోనూ లేదు: "పదకొండు నెలలే! అంతమందిలో ఎంతమంది నీళ్లోసుకుని ఉంటారు, ఎంతమంది ఆ గుడిసెల్లోనే కని ఉంటారు?" వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. ఎండ, వాన, చలి అన్నీ చూసి ఉంటారు. ఏడ్చే ఉంటారు. వాళ్ల మనవలూ మునిమనవలే ఈ వీధుల్లో మగ్గాలు నేస్తున్నారు, బాగానే ఉన్నారు.

ఇప్పుడు కొన్ని కచ్చితమైన మాటలు, అక్కగా చెప్తున్నాననుకోండి. 28వ వారం దాటాక బిడ్డ కదలికలు రోజూ గమనించండి. పక్కకి తిరిగి పడుకుని లెక్కపెడితే రెండు గంటల్లో పది రావాలని డాక్టర్లు చెబుతారు. తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, "వాళ్లు నవ్వుతారేమో" అని మొహమాటపడొద్దు. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, మొహం చేతులు ఉన్నట్టుండి వాపు, రక్తం కనపడటం, ఉమ్మనీరు పోవడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆస్పత్రే. బండి లేకపోతే 108. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు. ఐరన్ మాత్ర మానొద్దు. ఉపవాసాలు ఇప్పుడు వద్దే వద్దు. ఇంటికి వచ్చిన అతిథి కంటే ముందే గర్భిణికి అన్నం పెట్టమని మన ధర్మశాస్త్రమే చెబుతోంది, మనువు మాట అది. ఏకాదశికి పస్తుండమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఈ ముక్క చూపించండి.

ఇంట్లో మగవాళ్లు ఈ పోస్టు చదువుతుంటే, మీకు ఒక్కటే. నారదుడు చేసిన పనిలో మొదటి సగం మీది. రెండో సగం మా ఛానెల్ చూసుకుంటుంది.

మావారికి సెలవు దొరికింది, వచ్చే శుక్రవారం రైలు దిగుతున్నారు. ఆస్పత్రి సంచి సర్దేశాను. పాత మెత్తటి చీరలు అమ్మమ్మ ఉతికి ఎండబెట్టింది, బిడ్డకి కొత్తవి గుచ్చుకుంటాయట. వార్డులో కలిసిన ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఆరుగురు బిడ్డల కథ మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అక్కా, వాళ్లు పాలు తాగిన దగ్గర ఇంకోసారి చదువు" అంది. చదివాను. ఆమెకి ఇప్పుడు 35వ వారం. మీ పూజలో ఆమెని తలుచుకోండి, పేరు అక్కర్లేదు, ఆయనకి తెలుసు.

అమ్మ చలిమిడి తెచ్చి పెట్టింది, కడుపు చలవ అని. పక్కింట్లో మగ్గం ఆగింది, భోజనాల వేళ. ఇది రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కపెడుతున్నాను: తొమ్మిది. ఆ, పది.