యాడున్నావు?

పోయిన నవంబరులో కదిరి నుంచి కటారుపల్లికి స్కూటీ మీద పోతున్నాను, వేమన సమాధి దగ్గర ఓ పూట కూర్చుని రాసుకోవాలని. దారిలో ఫోన్ మోగింది. హెల్మెట్‌కీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను. "యాడున్నావు పాపా?" అంది అమ్మ. జవాబు పూర్తికాకముందే రోడ్డు అంచున ఆరబోసిన వేరుశనగకాయల మీదికి బండి ఎక్కింది. కాయలు తిరగేస్తున్న పెద్దామె పక్కకి జరగబట్టి సరిపోయింది.

ఆమె తిట్టలేదు. "యాడ చూస్తాండావు తల్లీ?" అంది, అంతే.

ఎందుకు ఎత్తాను? అర్జంటు పనేం కాదని మోగినప్పుడే తెలుసు. ఫోన్ ఎత్తని ఆడపిల్ల అంటే మన ఇళ్లలో ఏమిటో కూడా తెలుసు. హైదరాబాదులో పిహెచ్‌డి చేసే రోజుల్లో రెండు మిస్డ్ కాల్స్ అయితే చాలు, నాన్న హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేసేవాడు. పెళ్లయ్యాక అడిగే గొంతు మారింది. బయటికి వెళ్లడానికి షరతు ఒక్కటే, మోగగానే పలకాలి. అన్నకి ఆ షరతు లేదు. వాడు ఎత్తకపోతే "బండి మీద ఉంటాడులే" అనుకుంటారు.

ఇక్కడితో ఆపేస్తే నాకు హాయిగానే ఉంటుంది, నిఘా గురించి ఓ వ్యాసం తయారైనట్టే. కానీ ఆ పెద్దామె ఒప్పుకుంటుందా? నామీద నిఘా ఉందని ఆమె కాళ్లు విరగాలా? చేతికొచ్చిన ఆ కాస్త పంట ఆరబెట్టుకోవడానికి ఆమెకి వేరే చోటు లేదు. బండి ఆపుకోవడానికి నాకు రోడ్డు పక్కన కావలసినంత చోటుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, 184వ సెక్షన్ కింద, బండి నడుపుతూ చేత్తో ఫోన్ పట్టుకుని వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది. తప్పంతా చేతిదేననుకుని నేను బ్లూటూత్ కొన్నాను. 1997లో టొరంటోలో రెడెల్మియర్, టిబ్షిరానీ చేసిన అధ్యయనం ఆ తర్వాత చదివాను. ఫోన్ మాట్లాడుతుంటే ప్రమాదం నాలుగింతలవుతుందట, చేతులు ఖాళీగా ఉన్నా ఒరిగేదేమీ లేదట. పోయేది ధ్యాస మరి.

ఫోన్ చేసినవాళ్ల సంగతేమిటి? ఇదే నన్నింకా తొలుస్తోంది. మా అమ్మాయిని స్కూలుకి తీసుకెళ్లే ఆటో అతనికి రోజూ ఫోన్ చేసేది నేనే, దార్లో ఉన్నాడని తెలిసే. వెనక ఇంకా ఎంతమంది పిల్లలో. "యాడికొచ్చినావన్నా?" అంటాను. అతను తప్పకుండా ఎత్తుతాడు. ఎత్తకపోతే వచ్చే నెల వేరే ఆటో చూసుకుంటానని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

బండి మీదుంటే ఎత్తనని అమ్మకి చెప్పాను. "సరేలే" అంది. ఇంటికి చేరేసరికి పదకొండు మిస్డ్ కాల్స్. ఆటో అతనికి మాత్రం, ఎత్తొద్దని నేనింకా చెప్పలేదు.