ఆ పసివాడు చేసిన పాపమేమిటి?

కొన్ని నెలల క్రితం ఒక ఊరికి పరామర్శకు వెళ్ళాం. ఎనిమిదేళ్ళ పిల్లవాడు బడి నుంచి వస్తూ కాలువలో పడి చనిపోయాడు. వచ్చినవారంతా సహనం వహించమని చెబుతున్నారు. ఒక పెద్దాయన మాత్రం, ఇంట్లో ఏదో తప్పు జరిగి ఉంటుంది, తౌబా చేసుకోండి అని చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోయారు. మేము లేవబోతుంటే పర్దా వెనుక నుంచి ఆ తల్లి అడిగింది: “హజ్రత్, నా పాపానికి అల్లాహ్ నా బిడ్డను పట్టుకున్నాడా?”

“లేదమ్మా” అన్నాం. అప్పటికి అంతకు మించి నోట మాట రాలేదు. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాం.

నిజానికి ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మేము మదరసాలో చదువుకుంటున్న పిల్లలం. ఆ ఉదయం మన సమయం ప్రకారం ఆరున్నరకు సుమత్రా పక్కన సముద్ర గర్భంలో భూమి కంపించింది. మొత్తం 2,20,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు ఇండోనేషియాలోని ఆచె ప్రాంతం వారు, అంటే మన ముస్లిం సోదరులే. తమిళనాడులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6,000 మందికి పైగా చనిపోయారు. మన కోస్తాలోనూ మచిలీపట్నం దగ్గర మంగినపూడి వంటి తీరాల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో మేము విన్న ఒక బయానులో వక్త సముద్ర తీరాల్లో జరిగే అశ్లీలతను వర్ణించి, అల అందుకే లేచిందన్నారు. మేమూ తలలూపాం. మునిగిపోయినవారిలో ఆ తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు చేసినవారు ఎందరో, పాలు తాగే పసికందులు ఎందరో అన్న ఆలోచనే మాకు రాలేదు.

ఆ వక్త ఆధారం లేకుండా మాట్లాడలేదు. మానవులపై వచ్చిపడే ఆపద వారి చేతులు సంపాదించుకున్నదేనని, అయినా అల్లాహ్ ఎన్నో తప్పుల్ని మన్నిస్తూ ఉంటాడని దివ్య ఖుర్ఆన్ 42వ సూరా తెలుపుతోంది. అయితే భయం, ఆకలి, ధనప్రాణ నష్టాలతో విశ్వాసులు పరీక్షించబడతారని రెండవ సూరా కూడా తెలుపుతోంది కదా! ఒకే ఆపద ఒకరికి శిక్ష కావచ్చు, ఇంకొకరికి పరీక్ష కావచ్చు, మరొకరికి పరలోకంలో అంతస్తు పెరిగే మార్గం కావచ్చు. ఏది ఎవరికో నిర్ణయించే అధికారం మనకు ఇవ్వబడలేదు. ఆ మొదటి ఆయతు ఎవరి గురించి వారు చదువుకుని భయపడవలసినది. పొరుగింటి జనాజా ముందు నిలబడి దాన్ని చదివేవాడు తీర్పుదినపు యజమాని కుర్చీలో కూర్చోబోతున్నాడు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పద్ధతి చూడండి. ఆకాశంలో మబ్బులు కమ్మి ఈదురుగాలి లేస్తే ఆయన ముఖవర్ఛస్సు మారిపోయేదని, అది ఆద్ జాతిపై వచ్చినటువంటి గాలేమోనని కలవరపడేవారని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ భయం ఆయనకు తన ప్రజల గురించి. కాని ఆయన ముద్దుల కుమారుడు ఇబ్రాహీం రెండేళ్ళైనా నిండకుండా చనిపోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బాలుడి మరణం వల్లనే సూర్యుడు చీకటైపోయాడని జనం చెప్పుకున్నారు. ప్రవక్త ఇంటి గౌరవాన్ని పెంచే మాటే అది. వేరొకరైతే ఊరుకునేవారు. ఆయన (స) ఊరుకోలేదు. నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ చిహ్నాలనీ, ఎవరి చావు పుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు.

అంతేకాదు, నీట మునిగి చనిపోయిన విశ్వాసిని ఆయన (స) షహీదుల్లో లెక్కించారు. ఆయన షహీద్ అన్నవాణ్ణి మనం దోషి అనగలమా? ఇక పసివాడి సంగతి సరేసరి. యుక్తవయసు రానివాడి పేరిట పాపమే రాయబడదు. ఒకరి బరువును మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ మళ్ళీ మళ్ళీ చెప్పిన నియమం. తల్లి పాపానికి బిడ్డకు శిక్ష అన్న మాటకు మన ధర్మంలో చోటు లేదు.

ఆ ఇంట్లో ఇంకొక మాట కూడా విన్నాం. “తఖ్దీర్‌లో రాసి ఉంది, ఎవరేం చేయగలరు?” ఇది వినడానికి విశ్వాసపు మాటలాగే ఉంటుంది. తఖ్దీర్‌ను నమ్మనిదే ఈమాన్ పూర్తి కాదు కూడా. కాని ఆ కాలువ వంతెనకు ఒకవైపు కమ్మీలు లేవు. అవి విరిగిపోయి చాలా కాలమైంది. బాగుచేయవలసినవారు చేయలేదు. రోజూ దాని మీదుగా నడిచేవారూ అడగలేదు. అల్లాహ్ తలచి ఉంటే మేము షిర్క్ చేసేవాళ్ళమే కాదని ముష్రిక్కులు చెప్పిన సాకును ఖుర్ఆన్ ఆరవ సూరాలో తిరస్కరించింది. వంతెన దగ్గర మనం చెప్పే సాకు దానికెంత దూరం?

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళ్తూ సర్గ్ అనే చోట ఆగారు. ముందు ప్లేగు ఉందని తెలిసింది. సంప్రదింపుల తర్వాత వెనక్కి మళ్ళాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తాను అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నానని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. పచ్చిక ఉన్న గట్టున ఒంటెను మేపినా, బీడు గట్టున మేపినా అదీ ఇదీ విధిలోనిదేనని వివరించారు. ఏ గట్టుకు తోలాలన్నది కాపరి చేతిలో ఉంది. దాని గురించే అతను ప్రశ్నించబడతాడు.

సునామీ అల మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. పసిఫిక్ సముద్రానికి 1949 నుంచే హెచ్చరిక కేంద్రం ఉంది. హిందూ మహాసముద్రానికి లేదు. అందువల్ల ఆ రెండు గంటలు ఊరికే గడిచిపోయాయి. మరి భూకంపానికి అతి సమీపంలో ఉన్న సిమెలూ దీవిలో ఏం జరిగింది? అక్కడివారూ ముస్లిములే. అక్కడికి అల నిమిషాల్లోనే చేరింది. కాని 1907లో వచ్చిన ఉప్పెనను చూసిన తాతముత్తాతలు, నేల కదిలి సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని పిల్లలకు నేర్పి పోయారు. వారి భాషలో ఆ అలను ‘స్మోంగ్’ అంటారు. ఆ కేక వినగానే అందరూ పరుగెత్తారు. సుమారు 78,000 మంది ఉన్న దీవిలో చనిపోయింది ఏడుగురే. వీరి తఖ్దీర్ వేరు, ఆచెవారి తఖ్దీర్ వేరు అని ఊరుకుందామా? ఒక అవ్వ మనవడికి చెప్పిన కథ కూడా తఖ్దీర్‌లోని భాగమే. 2007లో మన హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. మా దృష్టిలో అందులో రాత్రిళ్ళు మేలుకొని పనిచేసేవారు ఉమర్ (రజి) చూపిన దారిలోనే ఉన్నారు.

అయినా ఆ తల్లి ప్రశ్నలో కొంత మిగిలే ఉంటుంది. కమ్మీలు లేని వంతెన మీద ఎందరో పిల్లలు నడిచారు, ఈ బిడ్డే ఎందుకు? దీనికి మా దగ్గర జవాబు లేదు. కహఫ్ సూరాలో హజ్రత్ ఖిజ్ర్ (అలై) ఒక బాలుడి ప్రాణం తీసినప్పుడు హజ్రత్ మూసా (అలై) అంతటివారే ఓర్చుకోలేక ప్రశ్నించారు. దాని వెనుక రహస్యం ఆ తర్వాత ఆయనకు తెలుపబడింది. మనకు అలా తెలుపబడదు. తెలిసినట్టు మాట్లాడేవారిని చూస్తే మాకు భయం వేస్తుంది.

రెండోసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు బాల ఇబ్రాహీం మరణం గురించి, గ్రహణం గురించి ఆ తల్లికి చెప్పాం. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ప్రవక్తగారు కూడా ఏడ్చారా?” అని అడిగింది.

“ఏడ్చారమ్మా. అది కారుణ్యం అని కూడా చెప్పారు” అన్నాం. అప్పుడు ఆమె ఏడవడం మాకు వినిపించింది. ఆ రోజు వరకు ఏడిస్తే ఈమాన్ పోతుందని ఎవరో చెప్పారట.

తిరిగి వస్తూ వంతెన చూశాం. మస్జిద్ కుర్రాళ్ళు వెదురు బొంగులు అడ్డం కట్టారు. ఇనుప కమ్మీల కోసం అర్జీ పెట్టారట. ఇంకా ఎవరూ రాలేదు.