మూడున్నర వాట్లు

అమ్మ అన్న మాట నాకు వినబడింది. వినబడనట్టు ఉండిపోయాను.

"ఏట్రా ఇది, వీధిలో పెళ్ళి మైకు ఇంట్లోకొచ్చినట్టుంది" అంది వంటింటి గుమ్మంలో నిలబడి. పాట ఘంటసాలది. స్పీకర్లు నేను మూడు నెలలు తిరిగి సంపాదించినవి. సరిగ్గా ఆ క్షణాన నా చెవికీ అలాగే ఉంది. అయినా వాల్యూము ఒక గీత పెంచి కూర్చున్నాను. ఆ ఒక్క గీత రెండేళ్ళ పాటు నన్ను నడిపించింది.

బరంపురంలో మాది పాతకాలపు ఇల్లు. వీధి వైపు పదకొండు అడుగుల వెడల్పు, లోపలికి రైలుపెట్టెలా పొడవు. అటూ ఇటూ గోడలు పక్కిళ్ళతో ఉమ్మడి. వీధిలో ఒడియా, గడప దాటితే తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మద్రాసు నుంచి విడిపోయి ఇటు వచ్చిన ఊరు మాది. నా చిన్నప్పుడు రాత్రిళ్ళు నాన్న వాల్వు రేడియోలో విజయవాడ స్టేషను పట్టేవారు. ఆ పెట్టెలో ఉన్న శక్తి రెండు మూడు వాట్లే. అయినా మాట పెరటిదాకా స్పష్టంగా వచ్చేది. ఆ నిండుదనమంతా వాల్వుల మహిమేనని నమ్మి పెరిగాను. దాని వెనక పలచటి, తేలికైన పేపర్ కోన్ ఉందని, సగం పని అదే చేసేదని యాభై ఏళ్ళు దాటాక గాని నా బుర్రకెక్కలేదు.

వాల్వుల మీద ఆ నమ్మకంతోనే ముందు ఆంప్లిఫయర్ కొన్నాను. ఒక్కో ఛానెల్‌కి ఒకే ఒక్క 2ఏ3 వాల్వు. 1933లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన ట్రయోడు అది, ఇచ్చేది మూడున్నర వాట్లు. దానికి ఇంట్లో ఉన్న చిన్న స్పీకర్లు తగిలించాను. వాటి సెన్సిటివిటీ 86 డెసిబెల్స్, అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వినిపించే మోత అంత. నాదస్వరం పెట్టాను. ఆలాపన వరకూ బాగానే ఉంది. డోలు అందుకోగానే శబ్దం నలిగి చిరిగిపోయింది.

ఇక్కడి దాకా నా లెక్క తప్పు కాదు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ కావలసిన శక్తి రెట్టింపవుతుంది. 86 స్థానంలో 101 డెసిబెల్స్ స్పీకరు పెడితే అదే మోతకు ముప్పై రెండో వంతు శక్తి చాలు. నా మూడున్నర వాట్లు నూట పన్నెండు వాట్ల పని చేస్తాయి. 1930ల్లో టాకీ హాళ్ళు ఈ దారిలోనే నడిచాయి. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారి 300బి లాంటి వాల్వు ఒక్కటీ ఇచ్చేది ఎనిమిది వాట్లే. హాలు నింపే భారం తెర వెనక ఉన్న పెద్ద పెద్ద హార్న్‌లది.

హార్న్ చేసే పనేమిటో గంజాం జిల్లా వాళ్ళకి పుస్తకం లేకుండానే తెలుసు. పెళ్ళికీ జాతరకీ మా వైపు తెలింగి బాజా వస్తుంది. అందులో మహురి ఊదే మనిషి పెదవుల మధ్య ఉండేది చిన్న పీక. దాన్ని విడిగా తీసి ఊదితే కీచుమంటుంది, అంతే. గొట్టానికి తగిలించి ఊదితే డోళ్ళన్నిటినీ దాటి వీధి చివర వినబడుతుంది. ఊపిరి అదే. పీక దగ్గర గాలి ఇరుకులో చిక్కి ఒత్తిడికి లోనవుతుంది, గొట్టం మెల్లగా వెడల్పవుతూ ఆ ఒత్తిడిని బయటి విశాలమైన గాలికి జారిపోకుండా అప్పగిస్తుంది. మామూలు స్పీకరు కోన్‌కి ఆ సాయం లేదు. బరువైన కోన్, తేలికైన గాలి. ఎంత నెట్టినా జారుతుంది. 86 డెసిబెల్స్ స్పీకరు తిన్న శక్తిలో నాలుగు వందల వంతుల్లో ఒక్క వంతే శబ్దమవుతుంది, మిగతాదంతా కాయిల్లో వేడి. వాల్వు ఆంప్లిఫయర్‌లో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటుకి చేసే పనిని హార్న్ గాలికి చేస్తుంది. ఈ రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టు అమరడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కానీ నేను హార్న్ కోరుకున్నది ఈ లెక్క కోసం కాదు. లెక్క తర్వాత వచ్చింది. రెండేళ్ళకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది మా ఊళ్ళో. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహరా వీధికి వస్తుంది. వెదురు గెడలకి కట్టిన మైకుల కింద నిలబడి పాటలు విన్న పిల్లవాడు నాలో ఇంకా ఉన్నాడు. వాడికి సంగీతం కంటే ఆ కొమ్ము ఆకారమే కావాలి. ఈ సంగతి నాకు నేను చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే సగం డబ్బు మిగిలేది. అమ్మకి తర్వాత వచ్చిన కష్టం మొత్తం తప్పేది.

మొదట బాస్‌కి కూడా హార్నే కావాలన్నాను. 40 హెర్ట్జ్ దాకా దిగాలంటే శబ్దతరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. హార్న్ నోటి చుట్టుకొలత దాదాపు అంత ఉండాలి, అంటే వెడల్పు రెండు మీటర్ల డెబ్భై సెంటీమీటర్లు. నా గది వెడల్పే మూడు మీటర్ల పైచిలుకు. దీనికి పాల్ క్లిప్ష్ అనే అమెరికన్ ఇంజనీరు 1940ల్లో ఒక ఉపాయం పట్టాడు: హార్న్‌ని మడిచి గది మూలలో పెడితే గోడలూ నేలా కలిసి మిగతా హార్న్ అవుతాయి, నోరు ఎనిమిదో వంతు చాలు. దానికి రెండు మూలలు ఖాళీ కావాలి. మా గదిలో ఒక మూల ఖాళీ. రెండో మూల అమ్మ దేవుడి మందిరం.

అడిగాను. అమ్మ ఎందుకని అడగలేదు. మర్నాడు స్నానం చేసి, పటాలు ఒక్కొక్కటీ తుడిచి, వంటింటి దారిలో గ్యాసు బండ పక్కన పెట్టుకుంది. వడ్రంగి ఖర్చు చెప్పాక ఆ పెట్టెలు చేయించే ఆలోచన మానుకున్నాను. మందిరం మాత్రం అక్కడే ఉండిపోయింది. తిరిగి పెట్టమంటే లెక్క తప్పానని ఒప్పుకున్నట్టే కదా. రెండేళ్ళు ఆవిడ గ్యాసు బండ పక్కన వంగి దీపం పెట్టింది. ఈ వాక్యం రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో.

తరువాత చేసింది ఇంకా తొందరపాటు. పాత మైకుసెట్టు సామానులో రెండు హార్న్‌లు, యూనిట్లు కొన్నాను. 106 డెసిబెల్స్ అన్న అంకె చూసి మురిసిపోయాను. ఏ హెర్ట్జ్ దగ్గర ఆ 106, ఎదురుగా నిలబడితేనా పక్కనుంచా అని అడగలేదు. ఆ హార్న్ లోపల గొట్టం తనలోకి తానే రెండుసార్లు మడుచుకుని ఉంటుంది. మైదానంలో మనిషి మాట అర్థం కావడం దాని ధర్మం. ఆ పని అది గొప్పగా చేస్తుంది. వయొలిన్ దాని పని కాదు. కింద పెట్టిన పది అంగుళాల స్పీకరు 93 డెసిబెల్స్. రెండూ కలవాలంటే హార్న్‌ని పదమూడు డెసిబెల్స్ తగ్గించాలి. అంటే రెసిస్టర్లు పెట్టి ఇరవై వంతుల్లో పంతొమ్మిది వంతులు కాల్చేయాలి. ఏ పొదుపు కోసం హార్న్ కొన్నానో ఆ పొదుపంతా రెసిస్టర్లలో వేడైపోయింది. మొత్తం వ్యవస్థ 93 దాటదు. బాస్ ఎంతో మొత్తం అంతే. ఇది కాగితం మీద ముందే వేసుకోగల లెక్క.

స్నేహితులు వచ్చేవారు. వాళ్ళకి ఏం వినిపించాలో ముందే ఎంచుకునేవాణ్ణి. ఒంటి గొంతు పద్యాలు, పాత గ్రామఫోను రికార్డుల పాటలు. అవి ఆ కొమ్ములో ముచ్చటగా ఉండేవి. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ అంటే నాకు ప్రాణం. రెండేళ్ళలో ఒక్కసారీ ఎవరి ముందూ పెట్టలేదు. ఒంటరిగా కూడా పెట్టలేదు. స్పీకర్ని చూసి పాటలు ఎంచుకున్నాను. రాత్రి నిశ్శబ్దంలో స్పీకర్లలోంచి సన్నని గుర్రు వచ్చేది. హార్న్ దగ్గర ఆంప్లిఫయర్ లోపం ఏదీ దాగదు. 2ఏ3 ఫిలమెంటుకి ఏసీ ఇస్తే ఆ గుర్రు ఉంటుంది, చిన్న పాట్ (పొటెన్షియోమీటరు) తిప్పి బాగా తగ్గించవచ్చు. నేను తిప్పలేదు. "వాల్వుల ఊపిరి అది" అని చెప్పాను ఒక కుర్రాడికి. అతను నమ్మాడు.

ఒక మధ్యాహ్నం పెరటి వసారాలో అమ్మ పడుకుని, దిండు పక్కన ఫోను పెట్టుకుని పద్యాలు వింటోంది. గోలీ అంత స్పీకరు. ముందు గదిలో మనిషంత ఎత్తు సరంజామా ఉంది. ఆ రోజు నేనేమీ అనలేదు. రెండు రోజుల తర్వాత ఆవిడ మాట రికార్డు చేశాను, పప్పులో పోపు ఎలా వేయాలో చెబుతుంటే. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి స్పీకర్లలో వినిపించాను. పక్కన మనిషి, ఎదురుగా ఆ మనిషి గొంతు. స్పీకర్లలోంచి రైల్వే స్టేషన్లో ప్రకటన చేసే ఆవిడ మాట్లాడింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు ఎంచుకున్నది చెబుతాను. ముందు బాస్ ఎంచాను: తేలికైన పేపర్ కోన్ ఉన్న పన్నెండు అంగుళాలది, 95 డెసిబెల్స్, 16 ఓంలు, పెద్ద డబ్బాలో. దాని మీద 400 హెర్ట్జ్ హార్న్, మడతలు లేనిది. 1920ల్లో లండన్‌లో పాల్ వాయిట్ వాడిన ట్రాక్ట్రిక్స్ వంపు. నోటి వెడల్పు ఇరవై ఏడు సెంటీమీటర్లే. ప్లైవుడ్ చట్రాలు అంటించి వడ్రంగి తిప్పి ఇచ్చాడు. వెనక ఒక అంగుళం కంప్రెషన్ డ్రైవరు. హార్న్ 400కే తెరుచుకున్నా దానికి పని 1,000 హెర్ట్జ్ పైనే ఇచ్చాను, అంచు దాకా తోస్తే మళ్ళీ మైకు గొంతు వస్తుంది. 101 అన్న కలని 95 దగ్గర వదిలేశాను. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని వింటుంటే వోల్టుమీటరు రెండు వోల్టులు దాటడం అరుదు. 16 ఓంల మీద అది పావు వాటు. ప్రతి మార్పుకీ అమ్మ పోపు రికార్డే పరీక్ష.

మందిరం పాత మూలకి నేనే మోశాను. గోడ మీద దీపం మసి మరక రెండేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉంది. ఆ మరక కిందకే దీపం వచ్చేలా సర్దాను. అమ్మ వచ్చి చూసి, కుంది ఒక అంగుళం ఎడమకి జరిపింది.

ఆ సాయంత్రం నాయుడుగారి వయొలిన్ పెట్టాను. అమ్మ గుమ్మం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కాసేపటికి చేట్లో చెయ్యి ఆగింది.