మంచం పట్టిన తల్లికి ఎవరు బాకీ?



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ‘నర్సింగ్ హోమ్’ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. పాశ్చాత్య దేశాల్లో ఆ మాటకు అర్థం వేరు. తమ పని తాము చేసుకోలేని వృద్ధులను ఏళ్ల తరబడి కనిపెట్టుకొని ఉండే ఇల్లు అది. అటువంటి అవసరం మన గడపలోకి కూడా వచ్చింది. పాలమూరు పిల్లలు వలసపోతే ముసలివారు ఊళ్లో మిగులుతారు. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లతో నడుము వంగిపోయినవారికి లేచి కూర్చోవడానికే మరొకరి చేయి కావాలి. ఈ సేవకు ఎవరు బాకీ? కొడుకా, సర్కారా, బీమా కంపెనీయా?

ముందు ఉన్నదేమిటో చూద్దాము. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు నిండిన వారికి ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రక్షణ కల్పించింది. ఇవి మేలైన పనులే. కాని ఇవి ఆసుపత్రి చికిత్సకు. గుండెకు ఆపరేషన్ చేయిస్తాయి గాని ఇంటికి వచ్చాక స్నానం చేయించవు. ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీల్లో ఈ సంగతి మామూలుగా రాసే ఉంటుంది: స్నానానికి, బట్టలు తొడగడానికి, అటూఇటూ కదలడానికి చేసే సాయానికి డబ్బు ఇవ్వరు.

జర్మనీ 1995లో, జపాను 2000లో ఈ సేవకే తప్పనిసరి బీమా పెట్టాయి. మనది వేరే దారి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లలను బాధ్యులను చేసింది. జిల్లాకు ఒకటైనా చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలేటట్లు ప్రభుత్వం ఆశ్రమాలు నెలకొల్పవచ్చునని కూడా చెప్పింది. గమనించండి: పిల్లలకు ‘తప్పదు’, ప్రభుత్వానికి ‘వచ్చును’.

పునీత థామస్ అక్వినాస్ పితృభక్తిని గురించి చెబుతూ రెండు బాకీలను వేరు చేశారు. తల్లిదండ్రులు కాబట్టి వారికి ఎల్లప్పుడూ చెల్లవలసినవి గౌరవము, సేవ. జబ్బువల్ల, పేదరికంవల్ల వచ్చిపడేవి చికిత్స, పోషణ. నాకు తోచేది ఇది: పరిస్థితిని బట్టి వచ్చే ఖర్చును పదిమంది పంచుకోవచ్చు. పక్షవాతం ఎవరి తలుపు తడుతుందో తెలియదు కనుక ఆ భారాన్ని అందరూ కలిసి మోయడం న్యాయమే; అది భిక్ష కాదు. కాని కన్నందుకు చెల్లవలసిన బాకీని ఎవరికీ బదిలీ చేయలేము.

సర్కారు మోస్తే పిల్లలు వదిలేస్తారని కొందరి భయం. ఆ భయం ఉత్తది కాదు. అయితే ఇప్పుడు మోస్తున్నది ఎవరు? ‘కొడుకు బాధ్యత’ అని పేరు, మోసేది కోడలు. పత్తి చేనుకు పోయివచ్చి అత్తకు పక్క మార్చేది ఆమె. అత్తకోసం ఆమె కూలి పోగొట్టుకున్న రోజు ఏ లెక్కలోనూ ఎక్కదు. రాత్రంతా నిద్రలేక ఆమె విసుక్కుంటే అది ప్రేమ లేక కాదు, ఓపిక లేక.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో, తల్లిదండ్రులకు అందవలసినదాన్ని ‘కొర్బాను’ అని చెప్పి తప్పించుకొనేవారిని ప్రభువు గద్దించాడు. నేడు ప్రీమియం రసీదు కొడుకుకు కొర్బాను కావచ్చు. ‘కుటుంబ విలువలు’ అనే మాట ప్రభుత్వానికి కొర్బాను కావచ్చు. ‘ప్రార్థిస్తాము’ అనే మాట విచారణకు కొర్బాను కావచ్చు.

ఆశ్రమంలో చేర్చడం పాపమా అని అడిగేవారున్నారు. గతిలేక చేర్చడం పాపం కాదు. చేర్చి మరచిపోవడం పాపం. ఇంట్లోనే ఉంచుకొని మరచిపోవడమూ అంతే. ఈ ఆదివారం పూజ తరువాత మీ వీధిలో మంచం పట్టినవారు ఉన్న ఇంటికి వెళ్లండి. ఆ ముసలమ్మ దగ్గర ఒక గంట కూర్చోండి. ఆ గంటసేపు కోడలిని నిద్రపోనివ్వండి.