అయిదోవాడు

"అన్నీ ఆ శివయ్యే చూసుకుంటాడు సార్." కైలాస యాత్రకు పేరిచ్చినవాళ్లు నా దగ్గర తరచుగా అనే మాట ఇది. నేను బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ని. మానస సరోవరం వెళ్లొచ్చిన దగ్గర్నుంచి తిరుపతిలో ఎవరు కైలాసం పోవాలన్నా ముందు నన్ను కదిలిస్తారు. "చూసుకుంటాడు లెండి, ముందు ఆ షూ లేసు బిగించి కట్టుకోండి" అంటాను.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో, ఏ పనైనా సిద్ధించడానికి కృష్ణుడు అయిదు కారణాలు చెప్పాడు. ఆధారమైన శరీరం, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, చివరికి దైవం. మనవాళ్లేమో ఆ అయిదోవాణ్ని ముందుకు తోసి, మిగతా నలుగుర్నీ ఇంట్లో పడుకోబెడతారు.

నలుగుర్నీ నిద్రలేపితే ఏమవుతుందో మాలావత్ పూర్ణ చూపించింది. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని, డార్జిలింగ్‌లోనూ లదాఖ్ చలిలోనూ రాటుదేలి, 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడింది. అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు నిండలేదు. కానీ మా నెల్లూరు వైపు మల్లి మస్తాన్ బాబు సంగతో? 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేసినవాడు. అతనికంటే క్రమశిక్షణ ఎవరికుంది? 2015లో అండీస్ కొండల్లో వాతావరణం తిరగబడి అతన్ని తీసుకుపోయింది. సాధన చేస్తే గెలుపు ఖాయమని చెప్పేవాళ్ల ముందు నేను ఈ రెండు పేర్లూ కలిపే చెబుతాను.

యాత్రకు సాధన తిరుమల మెట్లదారిలో, అలిపిరి పాదాల మండపం దగ్గర తెల్లవారుజామున మొదలుపెడతాం. వీపున సంచి, సంచిలో బరువుకు బియ్యం. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది గనక కుర్రాళ్లు అక్కడే దమ్ము చూపిస్తారు. నేను పెట్టే నియమం ఒక్కటే: "గోవిందా" అని ఊపిరి తెగకుండా పలకగలిగినంత వేగమే నీ వేగం. "గో" దగ్గర ఆగిపోయావా, అడుగు తగ్గించు. ఇందులో భక్తి ఎంత, వ్యాయామశాస్త్రం ఎంత అని నన్నడక్కండి.

కైలాసం దారిలో ముందు పడిపోయేది చాలాసార్లు ఈ దమ్మున్న కుర్రాడే. అక్కడ దాటాల్సిన డోల్మా లా కనుమ అయిదువేల ఆరువందల మీటర్ల పైచిలుకు. అక్కడ గాలి ఒత్తిడి మన నేల మీద ఉండేదాంట్లో సగమే. కండబలం ఆ లోటు తీర్చదు. ఒళ్లు తనంతట తాను అలవాటు పడాలి, దానికి రోజులు పడతాయి. మూడువేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందురోజుకంటే అయిదువందల మీటర్లకు మించి పెరగకూడదంటారు. తలనొప్పిని దాచిపెట్టుకుని ముందుకెళ్లేవాడి పట్టుదలను నేను మెచ్చుకోను. అది అహంకారం. (మా రోజుల్లో దారిలోని గుంజీ మజిలీకి నడిచే వెళ్లేవాళ్లం. ఇప్పుడు రోడ్డొచ్చింది, కాళ్లకు హాయి. ఒళ్లు నెమ్మదిగా సర్దుకునే వ్యవధి మాత్రం పోయింది.)

ఆ గుంజీలోనే రెండో వైద్యపరీక్ష. మా జట్టులో ఒక పెద్దాయనకు బీపీ ఎంతకీ దిగలేదు. డాక్టరు పట్టీ విప్పి, కాసేపు కూర్చోబెట్టి, మళ్లీ కట్టాడు. అదే అంకె. వెనక్కి పొమ్మన్నాడు. "పిలుపు లేదు పాపం" అన్నారు మావాళ్లు. నాకు ఒళ్లు మండింది. ఆయనకు పిలుపు లేదని తేల్చడానికి వీళ్లెవరు? ఆ డాక్టరు నోట మాట్లాడింది అయిదోవాడు కాదని ఎవరికి తెలుసు?

మొన్న ఒకావిడ తిరుమల మెట్లదారిలో మోకాళ్ల పర్వతం దగ్గర ఆగి అడిగింది: "అయిదోవాడు మన చేతిలో లేనప్పుడు ఇంత అవస్థ ఎందుకు సార్?"

"దర్శనం సంగతి మీకూ ఆయనకూ మధ్యనుంది తల్లీ, అందులో నేను వేలుపెట్టను" అన్నాను. "కానీ డోల్మా లా దిగేటప్పుడు గుర్రం మీద కూర్చోనివ్వరు. అక్కడ మీ కాళ్లు మొండికేస్తే, భుజం ఇవ్వాల్సింది కూలికి వచ్చిన టిబెట్ కుర్రాడు. పుట్టి పెరిగింది ఆ ఎత్తులోనే అయినా, వాడివీ మోకాళ్లే."