రోగి శయ్య చెంత స్మృతి

ఆలయంలో అర్చకుడు మూలమూర్తిని స్పృశించేముందు ఆచమనం చేస్తాడు. ప్రాణాయామం చేసి సంకల్పం చెప్పుకొంటాడు. చేయి శుద్ధి కావాలి, శ్వాస నిలవాలి, చేయబోయే పనియందు మనస్సు లగ్నం కావాలి. పిదపనే అర్చన. రోగిని స్పృశించే చేతికి మాత్రం ఈ విధి ఏల వర్తించరాదు?

ముషీరాబాదులో పూర్వం ఒక కారాగారముండేది. దానిని తొలగించిన స్థలంలో నిర్మించిన భవనాలలోనికి 2003లో గాంధీ ఆసుపత్రి తరలివచ్చినది. బందీలు రోజులు లెక్కించుకొన్న నేలమీద నేడు రోగులు రోజులు లెక్కించుకొంటున్నారు. 2020లో కరోనా ప్రబలినపుడు ఈ ఆసుపత్రిని ఆ వ్యాధిగ్రస్తులకే కేటాయించినారు. అయినవారు సైతం దరిచేరరాని ఆ దినాలలో రోగి చేతిని అందుకొన్నది గ్లౌజు తొడిగిన పరాయిచేయి.

ఇట్టి చోట పనిచేసేవారి మనస్సు ఏమవుతుంది? ఒక మంచం వద్ద మరణం. ప్రక్క మంచం వద్ద అప్పుడే ఇంజక్షను వేళ. కన్నీరు తుడుచుకొనేందుకు వ్యవధి లేదు. క్రమంగా రెండు దారులే కనబడతాయి: ప్రతి దుఃఖాన్నీ తనదిగా చేసుకొని కృంగిపోవడం, లేదా మనస్సును రాయి చేసుకోవడం. రెండవదానిని లోకం తేలికగా నిందిస్తుంది. అది క్రౌర్యం కాదు, తనను తాను కాచుకొనే ప్రయత్నం. అయినను దానివలన రోగి పేరు పోయి మంచం నెంబరు మిగులుతుంది.

5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమార్గంలో ఈ చిక్కును సూక్ష్మంగా పరిశీలించినాడు. కరుణకు దూరశత్రువు హింస, సమీపశత్రువు శోకం. సమీపశత్రువనగా చూచుటకు కరుణవలెనే ఉండి కరుణను హరించేది. కృంగినవారి దృష్టి వారికి తెలియకనే రోగి మీదినుండి తమ బాధ మీదికి మరలుతుంది. చరకుడు పరిచారకునికి విధించిన నాలుగు గుణాలలో ఉపచారజ్ఞానం, దక్షత, శౌచములతోపాటు అనురాగం ఉన్నది, శోకం లేదు.

అనురాగం నిలిచి శోకం తొలగడానికి బౌద్ధులు చెప్పిన ఉపాయమే స్మృతి. శ్వాస వచ్చునపుడు వచ్చినదని, దుఃఖం లేచినపుడు లేచినదని ఎరుగుట. దానిని త్రోసివేయడమూ లేదు, దానివెంట కొట్టుకొనిపోవడమూ లేదు. గోయంకాగారి విపశ్యనా కేంద్రం ధమ్మఖేత్త 1976లో హైదరాబాదులోనే వెలసినది. 1979లో అమెరికాలో జాన్ కబట్‌జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ఈ సాధనను మతప్రసక్తి లేకుండా రోగులకు నేర్పనారంభించినాడు. అనంతరం అది వైద్యసిబ్బందిలోనూ వ్యాపించినది.

అయితే వార్డులోని సిస్టరమ్మకు పది రోజుల మౌనమెక్కడిది? ఆమెకున్న ఏకాంతమంతా రెండు మంచాల నడుమ, కొళాయి వద్దనే. సబ్బుతో చేతులు రుద్దుకొనే ఆ అర నిమిషంలో నీటి చల్లదనాన్ని ఎరిగి, ఒక్క శ్వాసను పూర్తిగా గమనించి, తరువాతి రోగి పేరును స్మరించుకొంటే అదియే ఆమె ఆచమనం. దీని ఫలం ఆమె మనశ్శాంతితో ఆగదు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ అని నర్సింగు విద్యలో బోధించే అయిదింటికీ ఆధారం ఎరుకయే. పరధ్యానంగా త్రిప్పిన జపమాల వలన ఎవరికీ హాని లేదు. పరధ్యానంగా ఎక్కించిన మందు అట్లు కాదు.

ఇక్కడ ఒక అన్యాయానికి కూడ చోటున్నది. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఎక్కడనైనా సరే, ముప్పదిమందిని ఒక్కరికి అప్పగించి, ఆమె అలసినపుడు ధ్యానం చేసుకొమ్మని సలహా ఇవ్వడం ధర్మోపదేశం కాదు, బాధ్యతను తప్పించుకొనుట. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఇట్టి అలసటను వృత్తిసంబంధమైన స్థితిగానే పేర్కొన్నది.

వినయపిటకంలో ఒక వృత్తాంతం కలదు. ఒక భిక్షువు అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్నాడు. ఎవరూ ఏల చూడలేదని బుద్ధుడు అడుగగా, తాను ఇతరులకు ఉపకరించనివాడనని అతడు చెప్పుకొన్నాడు. స్మృతిని లోకానికి బోధించిన ఆ మహనీయుడు అతనిని శ్వాస గమనించుమనలేదు. ఆనందుని నీళ్లు తెమ్మన్నాడు. తాను నీళ్లు పోయగా ఆనందుడు కడిగినాడు. తాను తలవైపు, ఆనందుడు పాదాలవైపు పట్టి మంచంమీద పరుండబెట్టినారు. ఆ తరువాతనే సంఘాన్ని పిలిపించి, ఆ రోగికి పరిచర్య ఏల జరుగలేదని ప్రశ్నించినాడు.