ఆడటానికి కారణం కావాలా?

డొమినికన్ రిపబ్లిక్‌లో బచాతా పాటను మర్యాదస్తులు ఒకప్పుడు గుమ్మంలోకి రానిచ్చేవారు కాదు. నియంత ట్రుహియో 1961లో హత్యకు గురయ్యాక, మరుసటేడు మొదటి బచాతా రికార్డు వచ్చింది. అక్కణ్ణించి పాతికేళ్ళకు పైగా అది సారా కొట్ల పాట, వేశ్యవాడల పాట, పల్లె విడిచి పట్నం మురికివాడల్లో చేరినవాళ్ళ గోడు. పెద్ద స్టేషన్లు ముక్కు మూసుకునేవి. రేడియో గ్వారాచితా లాంటి చోట్లే దానికి దిక్కు. 1990లో గాయకుడు హువాన్ లూయిస్ గెర్రా 'బచాతా రోసా' ఆల్బమ్‌తో దానికి ఇస్త్రీ చొక్కా తొడిగాడు. 2019లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు అదే పాటకు చికాగోలో అమ్మమ్మల చేత, తాతయ్యల చేత అడుగులు వేయిస్తున్నారు, నడక కుదుటపడుతుందని, మెదడుకు మంచిదని.

నీతి చెడగొడుతుందన్న పాటే ఆరోగ్యం బాగుచేస్తుందంటే నవ్వొస్తుంది. నవ్వు ఆగాక ఒక అనుమానం మిగులుతుంది. అప్పుడు వద్దన్నవాళ్ళు, ఇప్పుడు రమ్మంటున్నవాళ్ళు అడిగేది ఒకే ప్రశ్నేమో: ఈ ఆట వల్ల ఒరిగేదేమిటి?

చికాగో కార్యక్రమం పేరు బైలామోస్. చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు డేవిడ్ మార్కెజ్, డాన్స్ మాస్టారు మిగెల్ మెండెస్ కలిసి రూపొందించారు. నాలుగు నెలలు, వారానికి రెండు క్లాసులు. మెరెంగే, బచాతా, చా-చా-చా, సాల్సా నేర్పుతారు. 2016లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమావేశంలో తొలి ఫలితాలు చెప్పారు. స్పానిష్ మాట్లాడే 54 మంది, సగటు వయసు 65, ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్ళు, అయిదింట నాలుగు వంతులు ఆడవాళ్ళు. కొందరు డాన్స్ క్లాసుకు వెళ్ళారు, మిగతావాళ్ళు ఆరోగ్య పాఠాలు విన్నారు. డాన్స్ చేసినవాళ్ళకు 400 మీటర్లు నడవడానికి మొదట దాదాపు 430 సెకన్లు పట్టేది. నాలుగు నెలలయ్యాక 392 పట్టింది.

ముప్పై ఎనిమిది సెకన్లేగా అని తీసిపారెయ్యడానికి లేదు. 430 సెకన్ల నడకంటే సెకనుకు సుమారు మూడు అడుగులు. అమెరికాలో రోడ్డు దాటే సిగ్నళ్ళకు సమయం కట్టేటప్పుడు ఇంజనీర్లు సాధారణంగా సెకనుకు మూడున్నర అడుగులు నడిచే మనిషిని లెక్కలోకి తీసుకుంటారు. నాలుగు నెలల ఆట తర్వాత ఈ పెద్దవాళ్ళు ఆ లెక్కలోని మనిషికి బాగా దగ్గరయ్యారు, ఇంకా అందుకోలేదు. రోడ్డు మధ్యలో ఉండగా సిగ్నల్ మారిపోయి, కార్లు హారన్ కొడుతుంటే బిక్కచచ్చిపోయిన మనిషికి ఆ సెకన్ల విలువ తెలుసు. అయితే ఇక్కడ అడగాల్సినది ఇంకొకటుంది. ముసలివాళ్ళు సిగ్నల్‌కు సరిపోయేలా వేగం పెంచుకోవాలా, సిగ్నలే నాలుగు సెకన్లు ఎక్కువ ఆగాలా? మొదటిదాన్ని ఆరోగ్యమంటున్నాం. రెండోదానికి మనం ఇంకా పేరే పెట్టలేదు. ఒకటి మనిషిని మార్చడం, రెండోది ఊరిని మార్చడం. పరిశోధనకు డబ్బు ఎప్పుడూ మొదటిదానికే తేలిగ్గా దొరకడం నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

ఈ క్లాసులకు వచ్చే తరం తమ ఒంటిని ఏం చేసిందో గుర్తుచేసుకుంటే ఆ ఇబ్బంది పెరుగుతుంది. చికాగోలోని పిల్సెన్, లిటిల్ విలేజ్ లాంటి మెక్సికన్ పేటల్లో స్థిరపడినవాళ్ళలో చాలామంది ఫ్యాక్టరీల్లో నిలబడి, హోటల్ గదులు ఊడ్చి, ఇతరుల పిల్లల్ని ఎత్తుకుని, ఇతరుల గిన్నెలు కడిగి ముసలివాళ్ళయ్యారు. ఒళ్ళు వంచనివాళ్ళేం కారు. మరి వాళ్ళకు వ్యాయామం కరువని ఎలా అంటాం? వైద్య పరిశోధకులు ఇక్కడొక చిక్కుముడి చూశారు. తీరిక వేళ కదిలే ఒంటికి మేలు జరుగుతుంది. జీతం కోసం గంటల తరబడి కదిలే ఒంటికి ఆ మేలు కనిపించదు, కొన్ని పరిశీలనల్లో కీడే కనిపించింది. కండరాలు అవే, చెమట అదే. తేడా ఎక్కడ? పనిలో అలసిపోయినప్పుడు ఆగే వీలుండదు. ఒకే భంగిమలో, ఒకే బరువు కింద రోజంతా గడుస్తుంది, రక్తపోటు దిగడానికి వ్యవధి ఉండదు. ఇవి శరీరశాస్త్రం చెప్పే కారణాలు. అయినా ఆ కారణాలన్నిటి వెనకా నాకు ఒక పాత ప్రశ్న వినిపిస్తుంది: ఆ గంట ఎవరిది? ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది ఎవరు?

ఆగడమంటే దాన్‌సోన్ అనే జంటనాట్యం గుర్తొస్తుంది. క్యూబాలోని మతాన్‌సాస్ ఊళ్ళో 1879 జనవరి 1న మిగెల్ ఫైల్దే వాద్యబృందం వాయించిన పాటతో ఇది పుట్టిందని చరిత్ర చెబుతుంది. సముద్రం దాటి యుకతాన్, వెరాక్రూస్ మీదుగా మెక్సికోకు చేరి అక్కడే ఇల్లు కట్టుకుంది. మెక్సికో నగరంలో 1937 నుంచి నడుస్తున్న సలోన్ లోస్ ఆంహెలెస్ హాల్లో, సియుదదేలా దగ్గరి తోటలో, వెరాక్రూస్ నడిబొడ్డు చౌకులో ఇవాళ్టికీ దాన్‌సోన్ ఆడేవాళ్ళలో నెరిసిన తలలే ఎక్కువ. రెండు రంగుల బూట్లు, ఇస్త్రీ మడతలు చెడని ప్యాంట్లు, చేతిలో విసనకర్ర. పాట మొదట్లో వచ్చే భాగం మధ్య మధ్య తిరిగి వస్తుంది. అది వచ్చినప్పుడల్లా జంటలన్నీ ఆగిపోతాయి. వాద్యకారుల వైపు తిరిగి నిలబడి, ఆడవాళ్ళు విసురుకుంటారు, మగవాళ్ళు చెమట తుడుచుకుంటారు, ఊపిరి కుదురుతుంది. సరిగ్గా ఎక్కడ అందుకోవాలో అక్కడ మళ్ళీ అడుగు వేస్తారు. తొందరపడి ముందే కదిలినవాడు ఆట రానివాడు.

ఆగడం తప్పుగా, ఓటమిగా కాకుండా, ఆటలో ఒక భాగంగా, అదీ నేర్చుకోవలసిన భాగంగా ఉండటం ఎంత తెలివైన ఏర్పాటు! ఫ్యాక్టరీ బెల్టుకు ఈ తెలివి లేదు. ట్రెడ్‌మిల్‌కూ లేదు. అలుపును దాచుకోవాల్సిన లోపంగా చూడని కళ ఒకటి ఉందని, అది వందేళ్ళకు పైగా సామాన్యుల మధ్య బతికిందని తెలిస్తే, ముసలితనం గురించి మన తత్వవేత్తలు రాసిన పెద్ద పెద్ద మాటలు కొన్ని నాకు చిన్నబోతాయి. నడివయసువాళ్ళు రాసిన 'వార్ధక్య జ్ఞానం' చాలావరకు కూర్చున్నవాడి జ్ఞానం. నిలబడి, ఆగి, మళ్ళీ కదిలే జ్ఞానం అందులో తక్కువ.

ఇంకోటి, స్పర్శ. డెబ్బై దాటిన విధవరాలిని చివరిసారి ఎవరు ముట్టుకుని ఉంటారు? రక్తపోటు చూసే నర్సు. సూది మందు ఇచ్చే చెయ్యి. ఎప్పుడో సెలవులకు వచ్చిన మనవడు. ఆ స్పర్శలన్నీ అవసరానికి వచ్చినవే. జంటనాట్యంలో వీపు మీద ఆనిన అరచెయ్యి ఏ రోగాన్నీ వెతకదు, ఇటు తిరుగు అని మాత్రం చెబుతుంది. అయిదుగురిలో నలుగురు ఆడవాళ్ళే ఉన్న క్లాసులో మగ అడుగులు కూడా ఆడవాళ్ళే వెయ్యాలి. జీవితమంతా ఎవరో నడిపితే నడిచినావిడ అరవై అయిదో ఏట పక్కావిణ్ణి నడిపించడం నేర్చుకుంటుంది. దీన్ని కొలిచే పరికరం లేదు. మగవాళ్ళు ఎందుకు రారన్నది వేరే వ్యాసం. సిగ్గా, మోకాళ్ళా, 'ఈ వయసులోనా' అన్న పాత మాటా? బహుశా మూడూను.

'వాళ్ళ సంస్కృతికి తగిన వ్యాయామం' అని పరిశోధకులు దీన్ని మెచ్చుకుంటారు. ఒక్క క్షణం ఆగి చూడాలి. మెరెంగే, బచాతా డొమినికన్లవి. చా-చా-చా 1950ల తొలినాళ్ళలో క్యూబా వయొలినిస్టు ఎన్రికే హోరిన్ తీర్చిన బాణీ. సాల్సా న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లు, క్యూబన్లు కలిసి వండిన వంట. క్లాసులో ఉన్నది ఎక్కువగా మెక్సికన్లు. అంటే ఎవరి సంస్కృతి? అమెరికా జనగణన ఒక గడిలో పెట్టిన జనానికి ఒకే గుండె చప్పుడు ఉంటుందనుకోవడం సోమరితనం. అలాగని ఇది వాళ్ళది కాదనడమూ పొరపాటే. హోరిన్ కొన్నేళ్ళు మెక్సికోలోనే ఉన్నాడు, మాంబోకు పేరు తెచ్చిన పెరెస్ ప్రాదో కూడా అక్కణ్ణించే ప్రపంచాన్ని ఊపాడు. యవ్వనంలో ఏ రేడియో విన్నామో, ఎవరి పెళ్ళిలో ఏ పాటకు లేచామో అదే మనిషికి సొంతమవుతుంది. పుట్టుకకు సర్టిఫికెట్ అడగడం ఆటకు తెలియదు.

శాస్త్రం చెప్పేదాన్ని కూడా అదే జాగ్రత్తతో వినాలి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, శారీరక వ్యాపకాలన్నిటిలో డాన్స్ ఒక్కదానికే డిమెన్షియా తక్కువ రావడంతో సంబంధం కనిపించింది. ఎంతో ప్రచారం పొందిన ఫలితమిది. కానీ ఆడినందువల్ల మెదడు నిలిచిందా, నిలిచిన మెదడు ఉన్నవాళ్ళే ఆడగలిగారా? ఆ అధ్యయనం ఒక్కటే తేల్చలేదు. అడుగు గుర్తుంచుకుంటూ, తాళం వింటూ, జోడీ కదలికను కనిపెడుతూ, పడిపోకుండా తిరగడం మెదడుకు మంచి కసరత్తే అయివుండాలి. ఆ మాట అనుకోవచ్చు, ప్రమాణం చెయ్యకూడదు.

పైగా ఎక్కువకాలం బతకడం లాటినోలకు కొత్త వరమేమీ కాదు. ఆదాయం తక్కువైనా అమెరికాలో తెల్లవాళ్ళ కన్నా వాళ్ళ సగటు ఆయుర్దాయమే ఎక్కువని 1980ల నుంచీ పండితులు తలగోక్కుంటున్నారు. 2019లో అది దాదాపు 82, తెల్లవాళ్ళకు 79 లోపు. కోవిడ్ ఆ లెక్కను దారుణంగా కోసేసింది, ఎందుకంటే ఇంట్లో కూర్చుని చెయ్యలేని పనులు ఎక్కువగా వాళ్ళవే. మధుమేహం, డిమెన్షియా కూడా వాళ్ళలోనే ఎక్కువ. కాబట్టి ఎన్నేళ్ళన్న ప్రశ్న కన్నా ఆ ఏళ్ళలో ఏముందన్న ప్రశ్నే వాళ్ళకు దగ్గరిది.

మన ఇళ్ళలో ఆడాలని లేచిన పెద్దవాళ్ళకు చెప్పే మాట అందరికీ తెలుసు: కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక ఇదేం చోద్యం అని. బతుకమ్మ చుట్టూ తిరిగే అవ్వ ఒక్కతే ఆ మాటకు లొంగలేదు. చికాగో శివార్లలో కొడుకు ఇంట్లో కిటికీ దగ్గర మంచు చూస్తూ కూర్చున్న తెలుగు తల్లిదండ్రులు కూడా పిల్సెన్ అమ్మమ్మకు మరీ దూరపువాళ్ళేం కారు.

నా అభ్యంతరం పరిశోధన మీద కాదు. ఆ సెకన్ల లెక్క లేకపోతే హాలుకు అద్దె కట్టేవారు లేరు, నాకు తెలుసు. నలభై ఏళ్ళు ఇతరులకు ఉపయోగపడిన ఒంటిని చివరికి ఆసుపత్రి ఖర్చు తగ్గించే ఒళ్ళుగా మళ్ళీ డ్యూటీకి పిలవడం దగ్గరే పేచీ. గ్రంథాలయంలో నవల చదివే ముసలాయన్ని ఎవరూ జ్ఞాపకశక్తి పరీక్షకు కూర్చోబెట్టరు. చదువుకునే హక్కు ఆయనకు ముందే ఉంది. ఆడుకునే హక్కూ అలాగే ఉండాలి. అసాధ్యమేం కాదు. అదే చికాగో నగరం 1997 నుంచి సమ్మర్‌డాన్స్ పేరుతో పార్కులో ఉచితంగా అడుగులు నేర్పించి, బ్యాండు పెట్టించి, వచ్చినవాళ్ళందరి చేతా ఆడిస్తోంది. ఎవరి నడకనూ కొలవదు. కాకపోతే అది వేసవికే. చికాగో చలికాలం పొడుగు, ముసలివాళ్ళు ఇంట్లో ఒంటరిగా చిక్కుకుపోయేది అప్పుడే. ఆ నెలలకు కూడా పేటకో హాలు, ఒక బ్యాండు ఇవ్వాలి, ఫలితాల పట్టిక అడగకుండా.